అరిగిన షాఫ్టుకి చారల దుప్పటి

ప్లేటింగు గది,
రైల్వే వర్క్‌షాపు

అమ్మమ్మా,

నీ ఉత్తరం చేరింది. నేనేం ఉద్యోగం చేస్తున్నానో ఎవరో అడిగితే, తెలియదనడం నామోషీ అనిపించి రైలు నడుపుతోందని చెప్పావట. ఇంకెవరికీ అలా చెప్పకు. అసలు సంగతి రాస్తాను, చదువు.

నేను చేసేది అరిగిపోయిన ఇనుముకి మళ్లీ కండ పట్టించడం. ఇంజను మోటారులో షాఫ్టని ఒక లావుపాటి ఇనపకడ్డీ ఉంటుంది. దాని మెడ దగ్గర బేరింగు బిగువుగా కూర్చోవాలి. ఏళ్ల తరబడి తిరిగాక అక్కడ వెంట్రుకంత మందం అరుగుతుంది. అంతే, చిక్కిపోయిన వేలికి ఉంగరంలా బేరింగు వదులైపోతుంది. మిగతా షాఫ్టంతా గుండ్రాయిలా ఉన్నా, ఆ వెంట్రుక కోసం మొత్తాన్ని తుక్కులో పడేస్తారు. మా గదిలో పడేయం. అరిగిన చోటు వదిలి చుట్టుపక్కలంతా టేపుతో మూసేస్తాం. లేత్ మీద షాఫ్టుని మెల్లగా తిప్పుతూ, గుడ్డ చుట్టిన బొగ్గుకడ్డీని నికెల్ ద్రావణంలో తడిపి, కరెంటిచ్చి, అరిగిన చోట రుద్దుతాం. రుద్దినంత మేర మాత్రమే నికెల్ పొర మీద పొరగా ఎక్కుతుంది. తొట్టిలో ముంచే పనే లేదు.

గదంటే పెద్దగా ఊహించుకోకు. ఒక మెషీను, ఒక సింకు, నేను. మా ఫోర్‌మన్‌ని అందరూ ‘వద్దులే గారు’ అంటారు. ఏం చెప్పినా ఆయన నోట మొదట వచ్చే మాట అదే. నా పని చూసి, “ఇనుముకి పూతేమిటమ్మా, ఇదేమన్నా గోడా? వద్దులే,” అన్నారు. ఎంతో బతిమాలితే, వచ్చే నెల ఒక తుక్కు షాఫ్టు మీద పూత వేసి చూపించమన్నారు. పొర నిలిస్తే యార్డులో పెట్టెలు జరిపే షంటింగు ఇంజను షాఫ్టు నా చేతికిస్తారు. నిలవకపోతే ఈ గది సైకిల్ స్టాండవుతుంది, నేను స్టోర్సులో నట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాను. అమ్మమ్మా, నా చేతికి పట్టుబడిన పని ఇదొక్కటే. దీన్ని పోగొట్టుకోలేను.

నీతో పనిపడింది. కడ్డీకి చుట్టే తొడుగులు ఇంకా రాలేదు. బాగా నలిగిన పాత నూలుబట్ట ఏదైనా పంపు. గంజి ఉండకూడదు, నీలిమందు ఉండకూడదు, వాసన సబ్బు తగలకూడదు. మరిగే నీళ్లలో రెండుసార్లు ఉడకబెట్టి మరీ పంపు. ఏ కాస్త మలినమున్నా పొర ఇనుముని పట్టుకోదు.

నీ మనవరాలు

*

ఇల్లు,
వీధివైపు గది

ఇనుముకి వైద్యం చేసే పిల్లకి,

రైలు నడుపుతోందనే చెబుతాను. వెంట్రుక మందం ఇనుము అతికిస్తుందని చెబితే ఎవరు నమ్ముతారే?

నువ్వు రాసినదాంట్లో నాకు కొత్త ఏమీ లేదు. ఆడపిల్లల బడిలో ఏటేటా చెప్పిన పాఠమే. గ్లాసులో మైలుతుత్తం ద్రావణం పోసి, తాళంచెవి వేలాడదీసి, రాగి ఎక్కించి చూపించేదాన్ని. ఒక ఏడాది చేతికందిన తాళంచెవి తీసుకున్నాను. అది హెడ్‌మిస్ట్రెస్‌గారి బీరువాదట. పాఠం అద్భుతంగా వచ్చింది, బీరువా మాత్రం మళ్లీ తెరుచుకోలేదు. పూత వేస్తే మందం పెరుగుతుందని నీకంటే ముందే కనిపెట్టినదాన్ని.

బట్ట పంపుతున్నాను. మీ తాతయ్య చారల దుప్పటి. దానికీ నాకూ పాత వైరం. మా పెళ్లికి ముందు నుంచీ ఆయన దగ్గరుంది, ఈ ఇంట్లో నాకంటే సీనియరు. ఎన్ని కొత్తవి కొన్నా ఆయన దాన్నే కప్పుకుంటారు. ఉతికి ఉతికి వెన్నలా అయింది, నీకు సరిగ్గా అలాంటిదే కావాలన్నావు. ఆయన బజారుకెళ్లిన వేళ చూసి నిలువునా రెండుగా చించాను. పనికి పనీ అయింది, పగకి పగా తీరింది. మిగతా సగం చిరుగు లోపలికి పోయేలా మడిచి బీరువాలో ఎప్పటి చోటే పెట్టాను. మగవాళ్లు మడత చూస్తారు గానీ దుప్పటి చూడరు.

ఆయన కులాసాగానే ఉన్నారు. రిటైరైన దగ్గర్నుంచి ఇంట్లో ఉతుకుడు శాఖ, గంజి శాఖ రెండూ ఆయన చేతిలోనే ఉన్నాయని నీకు తెలుసుగా. మా ఇంట్లో ఇప్పుడు రుమాళ్లు వాటంతటవే నిలబడతాయి. మొన్న ముక్కు తుడుచుకుంటే గీరుకుపోయింది.

నీ జాగ్రత్తలన్నీ చదివాను. కెమిస్ట్రీ టీచరుకి శుభ్రం నేర్పేదానివయ్యావన్నమాట. ఉడకబెట్టాను, రెండుసార్లు. నిశ్చింతగా వాడుకో. ఎవరైనా అడిగితే నా మాటగా చెప్పు.

మీ అమ్మమ్మ

*

ప్లేటింగు గది,
ఇంకెన్నాళ్లో తెలియదు

అమ్మమ్మా,

నిలవలేదు.

అందరి ముందూ జరిగింది. లేత్ నడిపే పెద్దాయన, మేమంతా లేత్ బాబాయి అంటాం, షాఫ్టు తిప్పుతుంటే నేను రుద్దాను. కడిగిన తర్వాత మెడ మీద నీళ్లు పోస్తే బొట్లుగా విడిపోకుండా పొరలా పరుచుకున్నాయి. ఇనుము శుభ్రంగా ఉందనడానికి అదే గుర్తు. నికెల్ ఎక్కడం కూడా చక్కగా ఎక్కింది, కొత్త గిన్నెలా మెరిసింది. వద్దులే గారు ఉలి పెట్టి అంచు మీద చిన్నగా ఒక దెబ్బ కొట్టారు. ఉల్లిపొరలా లేచి వచ్చింది. ఆ పొరని చూపుడువేలికి చుట్టుకుని, “ఉంగరం బాగుందమ్మా,” అన్నారు.

ద్రావణం పరీక్షించాం. కరెంటు చూశాం. టేపు చూశాం. ఏ తప్పూ లేదు. “బట్ట ఎక్కడిది?” అనడిగారు. “మా అమ్మమ్మ పంపింది సార్. ఆవిడ కెమిస్ట్రీ టీచరు. రెండుసార్లు ఉడకబెట్టానని రాసింది. దాన్ని మాత్రం అనుమానించనక్కర్లేదు,” అన్నాను. సరేనన్నారు. ఇక మిగిలింది నా చేతులు. కొందరి చేతులకి చెమట ఎక్కువట, అలాంటివాళ్లు ఈ పనికి పనికిరారట. “నీ తప్పు కాదులేమ్మా, చేతుల తత్వం,” అని ఆయన జాలిగా అంటుంటే ఉలి నాకు తగిలినట్టయింది.

నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమన్నారు. ఎవరో అప్పుడే గుమ్మం దగ్గర సైకిల్ పెట్టేశారు.

మూడు రోజులుగా నా అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాను. నీ చేతులు, అమ్మ చేతులు ఇలా చెమర్చేవా? ఉన్నదున్నట్టు రాయి.

నీ మనవరాలు

*

ఇల్లు,
వంటింటి బల్ల

నా తల్లికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మన వంశంలో ఎవరికీ చేతులకి చెమట పట్టదు. ఎండాకాలంలో పరీక్ష పేపర్లు దిద్దినా నా సిరా చెదిరేది కాదు. కాబట్టి చేతుల సంగతి వదిలెయ్.

ఇక్కడ అందరం బాగున్నాం. కొళాయి కారుతోంది. మీ తాతయ్య దాన్ని తనే బాగుచేస్తానంటున్నారు గనుక ఇంకా కారుతుంది. పిల్లి పెరటి గోడ మీద పడుకోవడం మానేసింది, ఎందుకో తెలియదు. రాత్రుళ్లు కొంచెం చలిగా ఉంటోంది.

అన్నట్టు, నేను పంపిన బట్టలో వాడని ముక్క ఏదైనా మిగిలిందా? మిగిలితే, మీ మందులపెట్టెలో అయోడిన్ ఉంటుంది కదా, దాని మీద ఒక్క చుక్క వేసి చూడు. ఊరికే. ఎందుకని అడగకు.

కంటి నిండా నిద్రపో. స్టోర్సుకి వెళ్తానని అప్పుడే ఎవరికీ మాటివ్వకు.

మీ అమ్మమ్మ

*

ప్లేటింగు గది

అమ్మమ్మా,

నీలం. మామూలు నీలం కాదు, నల్లగా, సిరాబుడ్డి ఒలికినట్టు నీలం.

అయోడిన్ పడితే దేనివల్ల నీలం తిరుగుతుందో నాకు చెప్పింది నువ్వే. నాకప్పుడు ఎనిమిదేళ్లు. బంగాళాదుంప ముక్క మీద వేసి చూపించి, “పిండిపదార్థం దాక్కోలేదు, ఈ చుక్క చాడీ చెప్పేస్తుంది,” అన్నావు.

నేను నిన్నొక్క మాట అన్నానా? లేదు. చుక్క వెయ్యమని నువ్వే రాశావు. గుమ్మడికాయల దొంగంటే భుజాలెవరు తడుముకుంటారో నువ్వే చెప్పు.

సరే, పోట్లాట తర్వాత. నీలం పడిన ముక్క పట్టుకుని వద్దులే గారి దగ్గరికి పరిగెత్తాను. “సార్, బట్టలో గంజి ఉంది, చేతుల తప్పు కాదు,” అన్నాను. ఆయన ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి, “ఆడలేనమ్మ మద్దెల ఓడందిట. ఇప్పుడింకో బట్ట తెచ్చి చేసి, నిలిస్తే గంజే కారణమంటావు. బట్టే వేరైతే అది గంజి వల్లో, బట్ట వల్లో ఎవరికి తెలుసు? వద్దులే,” అన్నారు. నేను కదల్లేదు. చివరికి విసుగొచ్చి ఒక మాటన్నారు: “అదే దుప్పటి తీసుకురా. అదే నూలు, అదే నేత. గంజొక్కటే తీసెయ్. అప్పుడు నిలిస్తే ఒప్పుకుంటా.”

కాబట్టి మిగతా సగం పంపు. నెలాఖరు లోపల అందాలి. నిజంగా ఉడకబెట్టి పంపు.

నీ మనవరాలు (చెమట పట్టని చేతులది)

*

ఇల్లు,
వీధివైపు గది, తలుపు వేసుకుని

ఓసి పిల్లా,

మీ వద్దులేని ఏమీ అనకు. ఒకసారి ఒక్కటే మార్చి చూడమన్నాడు. నా క్లాసులో కూర్చుని ఉంటే మొదటి బెంచీ ఇచ్చేదాన్ని.

జరిగింది చెబుతాను. ఉతకలేదు. ఉతికితే ఆరెయ్యాలి. ఆరేస్తే సగం దుప్పటి పెరటి తీగ మీద ఆయన కళ్లెదుటే ఊగుతుంది. బీరువాలో ఇస్త్రీ అయి ఉన్నదానికి ఇంకా శుభ్రమేమిటని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. వెన్నలా ఉందని నీకు రాశాను కానీ, చించుతుంటే కొత్త కాగితంలా చప్పుడు చేసింది. ఆ చప్పుడు విని కూడా మూట కట్టాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నీకెన్నిసార్లు చెప్పానో. నాకెవరూ చెప్పలేదు.

ఇప్పుడసలు చిక్కు విను. మిగతా సగం బీరువాలో లేదు. ఆయన కప్పుకుంటున్నారు. మొదటి రాత్రి కప్పుకుని, కాసేపు పైకప్పు చూసి, “ఏమోయ్, దుప్పటి ఇరుకైనట్టు లేదూ?” అన్నారు. “నూలు కదండీ, కుంచించుకుపోతుంది,” అన్నాను. “ఓహో, అలాగా,” అన్నారు. టీచరు చెప్పిందంటే పాఠమే కదా, నమ్మారు.

విచిత్రమేమిటంటే అది నిజంగానే కుంచించుకుపోతోంది. మొదట్లో ఆయన పాదాల దాకా వచ్చేది, పోయిన వారం పిక్కల దగ్గరే ఆగింది. ఇవాళ పొద్దున్న చూస్తే మోకాలు. నేను కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. పైకి ఏమంటాను? తేలుకుట్టిన దొంగలా కూర్చున్నాను. నూలు వారానికి మూరెడు కుంచించుకుపోతుందని ఏ పుస్తకంలోనూ లేదు. బీరువా పైనున్న నా పాత పుస్తకాలు దింపి వెతికాను కూడా.

ఇప్పుడది కూడా తీసి నీకు పంపితే, ఏమైందని ఆయన అడిగినప్పుడు ఏం చెప్పను? దానికొక ఉపాయం ఆలోచించాను. బజారులో అచ్చం అలాంటి చారల బట్టే దొరుకుతోంది. అది కొని, శుభ్రంగా ఉడకబెట్టి పంపుతాను. అదే దుప్పటని మీ వద్దులేకి చెప్పు. చారలు చూస్తాడు, నేత చూడడు.

మీ అమ్మమ్మ

*

ప్లేటింగు గది

అమ్మమ్మా,

చెప్పను.

మొదటిసారి నాకు తెలియక అబద్ధం చెప్పాను, నీ మాటగా. ఈసారి తెలిసి చెబితే, పొర నిలిచినా నాకది నిలిచినట్టు కాదు. ఈ షాఫ్టులు మనుషుల కింద తిరుగుతాయి. ఒప్పుకోలేక దాచిన మురికే ఇక్కడ పొరని లేపేసింది. ఆ మురికి మీదే ఇంకో పూత వేద్దామంటావా?

తాతయ్యకి చెప్పు. ఆయనేమీ కరవరు. సైకిళ్లు రెండయ్యాయి.

నీ మనవరాలు

*

అదే ఇల్లు,
పెరటివైపు

బంగారూ,

ఇది తాతయ్య ఉత్తరం. మీ అమ్మమ్మ పక్కనే కూర్చుని నేనేం రాస్తున్నానో తొంగిచూస్తోంది. చూడనీ.

నిన్న సాయంత్రం వచ్చి నా ఎదురుగా నిలబడింది. బడిలో పిల్లలు ముందుకొచ్చి చేతులు చాపుతారే, అలా నిలబడుతుందనుకున్నాను. కాదు. “మీ గంజి వల్ల పిల్ల ఉద్యోగం పోయేలా ఉంది,” అంది. నేను, “అవునా, నా గంజి దాని దాకా ఎలా వెళ్లింది?” అన్నాను. అప్పుడు మిగతా కథంతా బయటికి తీయడానికి రెండు కప్పుల కాఫీ పట్టింది. ఇన్నేళ్ల సంసారంలో ఆవిడ తప్పు ఒప్పుకోవడం చూడాలని ఉండేది. చూశాను. తప్పు నా గంజిదేనని ఒప్పుకుంది.

నాకు మొదటి రోజే తెలుసు. యాభై ఏళ్లు కప్పుకున్న దుప్పటికి ఒక పక్క అంచే లేకపోతే చెయ్యికి తెలియదూ? అడుగుదామనే నోరు తెరిచాను. “నూలు కదండీ, కుంచించుకుపోతుంది,” అని పాఠం మొదలెట్టింది. అంత చక్కగా చెబుతుంటే ఆపబుద్ధి కాలేదు. పాఠం నిజం చేద్దామని, అప్పుడప్పుడూ కింద నుంచి ఒక పట్టీ కత్తిరించి, అంచు కుట్టి, మళ్లీ మడిచి పెట్టేవాణ్ణి. మోకాలికొచ్చాక నిచ్చెన వేసుకుని పుస్తకాలు దింపింది. నాకు ముణుకులు చల్లబడ్డా, అంతకంటే మంచి కాలక్షేపం ఈ మధ్య దొరకలేదు.

కత్తిరించిన పట్టీలన్నీ దాచాను. నువ్వు కడ్డీకి చుట్టుకోవడానికి సరిపోయే వెడల్పే ఉన్నాయంటోంది మీ అమ్మమ్మ. ఇద్దరం కలిసి ఉడకబెట్టాం. నీళ్లు మార్చి మార్చి, అయోడిన్ చుక్క రంగు మారడం మానేదాకా ఉడకబెట్టాం. చుక్క ఆవిడ వేసింది, రంగు నేను చూశాను. ఈ విషయంలో ఆవిడ చూపుని నమ్మడానికి లేదు.

మిగిలిన ముక్క కూడా పంపమంది. అది నేను మెడకి చుట్టుకున్నాను. ఇవ్వను.

తాతయ్య

*

ప్లేటింగు గది

అమ్మమ్మకీ తాతయ్యకీ,

ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని చదవండి. కొట్లాట చదివాక పెట్టుకోండి.

పట్టీ ఒకటి తీసి, వద్దులే గారి ఎదుటే అయోడిన్ చుక్క వేశాను. గోధుమరంగు గోధుమరంగులాగే ఉంది. “మొన్న నీలం ఎందుకొచ్చింది మరి?” అని అందరి ముందూ అడిగారు. “మా అమ్మమ్మ ఉతక్కుండా ఉతికానని రాసింది సార్,” అన్నాను. లేత్ బాబాయి నవ్వు మొదలెట్టాడు, అది పక్క షెడ్డు దాకా వెళ్లింది. క్షమించు, అమ్మమ్మా.

పట్టీ చుట్టి, మొన్నటి తుక్కు షాఫ్టే మళ్లీ శుభ్రం చేసి రుద్దాను. ఈ పనిలో చెయ్యి ఆగకూడదు. ఆగిన చోట పొర మాడి నల్లబడుతుంది. చెయ్యి ఆగలేదు. అయ్యాక కడిగి పక్కకి జరిగాను. వద్దులే గారు ఉలి పెట్టి కొట్టారు. లేవలేదు. ఇంకాస్త గట్టిగా కొట్టారు. ఉలి గీత పడింది గానీ పొర లేవలేదు. మూడోసారి ఆయన కొట్టిన దెబ్బకి బాబాయి, “సార్, పూతని పరీక్షిస్తున్నారా, షాఫ్టుని చంపుతున్నారా?” అన్నాడు.

ఆయన ఉలి బల్ల మీద పెట్టేసి, గుమ్మం బయట సైకిళ్ల వంక చూశారు. “సైకిళ్లు ఎండలో ఉంటే ఏం కరిగిపోతాయి? గది ఖాళీ చెయ్యడం వద్దులే,” అన్నారు.

తర్వాత అసలు షాఫ్టు ఇచ్చారు. వెంట్రుక మందం నింపి, కొలతకి రుద్ది నునుపు చేశాం. బేరింగుని వేడిచేసి ఎక్కించి, చల్లారాక చూస్తే ఇనుములోంచి మొలిచినట్టు కూర్చుంది. నెలయింది. ఆ షంటింగు ఇంజను రోజంతా పెట్టెలని అటూ ఇటూ తోస్తూ నా కిటికీ ముందు నుంచే వెళ్తోంది. ఇవాళ వేడి చూశాం, వదులు చూశాం, ఏమీ లేదు. ఇప్పుడు నా గుమ్మంలో సైకిళ్లు లేవు, అరిగిన షాఫ్టులు వరసకట్టి ఉన్నాయి.

ఇంకొకటి చెప్పాలి. ఏ బట్ట వచ్చినా, తొడుగు వచ్చినా, ముందు చుక్క వేసి చూడాలని వద్దులే గారు నియమం పెట్టారు. గోడ మీద పనుల వరస రాయించారు. అందులో మొదటిది ‘అమ్మమ్మ పరీక్ష’. బాబాయి రోజూ లేత్ దగ్గర్నుంచి, “ఏమ్మా, అమ్మమ్మ అయిందా?” అని కేకేస్తాడు. చెరిపించడానికి చూశాను. పెయింటుతో రాశారు.

మీ మనవరాలు

*

ఇల్లు,
వీధివైపు గది, తలుపు తీసే ఉంచి

రైల్వేవారి మనవరాలికి,

గది నిలబడింది. ఆ ముక్క దగ్గర ఆగిపోయి, కళ్లద్దాలు తీసి, కాసేపు వీధి చూస్తూ కూర్చున్నాను. తర్వాత మిగతాది చదివాను. షెడ్డు షెడ్డంతా నవ్విందన్నావు. నవ్వనీ. పొర నిలిచాక ఎంత నవ్వినా లేవదు కదా.

చెరిపించకు. నేను చెప్పిన పాఠాలు ఏ బోర్డు మీదా మర్నాటిదాకా నిలవలేదు. డస్టరు పట్టుకుని ఎవరో ఒకరు సిద్ధంగా ఉండేవారు.

నిన్న నా దగ్గర చదువుకున్న పిల్ల ఒకతె చూడడానికొచ్చింది. ఇప్పుడు తనూ టీచరే. మాటల్లో మాటగా, రైల్వేలో నా పేరుతో ఒక పరీక్ష పెట్టారనీ, అది పాసుకాకుండా అక్కడ ఇనుముని ఏదీ ముట్టుకోవడానికి లేదనీ చెప్పాను. ఉన్నదేగా చెప్పాను. ఆ పిల్ల కళ్లింత చేసుకుని, “ఏం తేలుస్తుందండీ ఆ పరీక్ష?” అని అడిగింది.

“నిజాయితీ,” అన్నాను.

పక్క గదిలో మీ తాతయ్యకి పొలమారింది.

మీ అమ్మమ్మ